స్మార్ట్ మీటరు బిగించే రోజున ఏమేం చూసుకోవాలి? (రెండు పోర్షన్లు, రెండు సర్వీసులు)

గోదారి గట్టు:
అందరికీ నమస్కారం. కింద ఒక పోర్షను, మేడ మీద ఒక పోర్షను. రెండు సర్వీసులూ సింగిల్ ఫేజే, శాంక్షన్ లోడు (ఒకేసారి వాడుకోవడానికి మంజూరైన పరిమితి) ఒక్కోటి 1 కిలోవాట్. కింద చక్రం తిరిగే పాత మీటరు, పైన ఎలక్ట్రానిక్ మీటరు ఉన్నాయి. వచ్చే వారం రెండూ తీసేసి స్మార్ట్ మీటర్లు (రీడింగు తామే ఆఫీసుకు పంపేవి) పెడతామని లైన్‌మన్ చెప్పి వెళ్లారు. బిల్లు రెట్టింపవుతుందని వీధంతా అంటోంది, ఎందుకవుతుందో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. బిగించేటప్పుడు దగ్గరుండి ఏం గమనించాలి? బిల్లు నిజంగా పెరిగితే తప్పు మీటరుదో ఇంటి వైరింగుదో ఎలా తేల్చుకోవాలి? పైన అద్దెకుండేవాళ్లతో తగువు రాకూడదు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

టెర్మినల్ బ్లాక్:
గట్టు గారూ, ముందు ఆ రోజు పని సంగతి.

పాత మీటరు విప్పకముందే రీడింగు ఫోటో తీయండి. అంకెలు, మీటరు సీరియల్ నంబరు, సీలు మూడూ ఒకే ఫోటోలో పడాలి. అంకెలు ఒక ఫోటోలో, నంబరు ఇంకో ఫోటోలో ఉంటే రేపు అది ఈ మీటరుదేనని నిరూపించలేరు. మీ చక్రం మీటరులో చివరి అంకె ఎర్ర గడిలో ఉందేమో చూడండి. ఉంటే అది యూనిట్లో పదోవంతు. 4521.6 అని రాయాల్సింది 45216 అని కాగితంలో ఎక్కితే కొత్త మీటరు మొదటి బిల్లే గుండె ఆపేస్తుంది. మీటరు మార్పు కాగితంలో పాత మీటరు ఆఖరి రీడింగు, కొత్త మీటరు తొలి రీడింగు, రెండు సీరియల్ నంబర్లు, తేదీ ఉండాలి. అన్నీ నింపాకే సంతకం పెట్టండి, ఖాళీ కాగితం మీద వద్దు. కొత్త మీటరు సున్నా దగ్గరే మొదలవ్వాలని లేదు, ఫ్యాక్టరీ పరీక్షలో తిరిగిన కాస్త అంకె ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు.

తర్వాత వైరు. సర్వీసు వైరు చాలా ఇళ్లలో అల్యూమినియమే. పాత చోట నుంచి లాగిన కొస నల్లబడి, పెళుసుగా ఉంటుంది. దాన్నే తిరిగి దూర్చకుండా కొస కత్తిరించి, కొత్తగా తొడుగు తీసి, మెరిసే లోహం కనిపించాక పెట్టమనండి. ఒక్కో టెర్మినల్‌కు రెండు స్క్రూలుంటాయి, రెండూ బిగించాలి. ఒకటి బిగించి రెండోది వదిలేయడమే మీటర్లు కాలిపోవడానికి పెద్ద కారణం. అల్యూమినియం ఒత్తిడికి నెమ్మదిగా నలిగి పట్టు సడలుతుంది, సడలిన చోట వేడెక్కుతుంది, వేడికి ఇంకా సడలుతుంది. బిగించాక వైరును చేత్తో లాగి చూపించమనడం తప్పేమీ కాదు. ఈ పనంతా వాళ్ల చేతనే చేయించండి. టెర్మినల్ కవరుకు సీలు పడ్డాక దాన్ని మీరు ముట్టుకోకూడదు, కవరు తెరిస్తే తేదీ, సమయంతో సహా మీటరులో నమోదవుతుంది.

రెండు సర్వీసులున్న ఇంట్లో ఆఖరుగా ఇది మరవకండి. మేడ మీద మెయిన్ ఆపి, కింద ఏ మీటరు ఎర్ర లైటు మిణుకు ఆగిందో చూడండి. ఆగిన మీటరు సీరియల్ నంబరు పై సర్వీసు నంబరుతో కాగితంలో కలవాలి. హడావిడిలో రెండు మీటర్లు తారుమారైతే మీ బిల్లు వాళ్లకూ వాళ్ల బిల్లు మీకూ వస్తుంది. అది నెలల తరబడి ఎవరికీ తెలియదు.

లెక్కల పుస్తకం:
బిల్లు ఎందుకు పెరుగుతుందో అంకెల్లో చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 నుంచి ఇళ్లకు ఉన్న శ్లాబులివి: మొదటి 30 యూనిట్లకు 1.90, 31 నుంచి 75 వరకు 3.00, 76 నుంచి 125 వరకు 4.50, 126 నుంచి 225 వరకు 6.00, 226 నుంచి 400 వరకు 8.75, ఆపైన 9.75 రూపాయలు. 225 దాటిన దగ్గర మెట్టు ఎంత ఎత్తుందో చూడండి.

నెలకు 180 యూనిట్లు వాడే ఇల్లనుకోండి. యూనిట్ల ఖరీదు 747 రూపాయలు, రెండు నెలలకు 1,494. మీటరు మార్చిన నెల బిల్లు తప్పిపోయి, రెండు నెలల 360 యూనిట్లనూ ఒకే నెలలో వేస్తే 2,198.25 అవుతుంది. ఒక్క యూనిట్ కూడా ఎక్కువ కాలకుండానే 704 రూపాయలు పెరిగాయి. దానికి మీటరును తిట్టి లాభం లేదు, రోజుల లెక్క తప్పింది. బిల్లు మీద పాత రీడింగు తేదీ, కొత్త రీడింగు తేదీ చూసి మధ్యలో ఎన్ని రోజులో లెక్కపెట్టండి. ఎక్కువుంటే నెలలవారీగా విడగొట్టమని సెక్షన్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి. అంతకుముందు రీడింగు తీసే మనిషి తక్కువ రాసుకుంటూ పోయి ఉంటే, ఆ మిగులంతా మీటరు విప్పిన రోజు ఒక్కసారిగా బయటపడుతుంది. దానికీ ఇదే మందు.

ఇకమీదట స్మార్ట్ మీటరు ప్రతి నెల 1వ తేదీ అర్ధరాత్రి 12 గంటల రీడింగును తనలోనే భద్రం చేసుకుంటుంది. రీడింగు నాలుగు రోజులు ఆలస్యమై పై శ్లాబులో పడటం దీంతో తప్పుతుంది. ఇది వినియోగదారుడికి నిజంగా మేలు చేసేదే, ఒప్పుకోవాలి.

ఇంధన సర్దుబాటు, ట్రూ అప్ (అంచనాకూ అసలు ఖర్చుకూ ఉన్న తేడా) అని బిల్లులో వేరే వరుసల్లో ఉండేవి గతంలో వాడిన యూనిట్ల మీద పడేవి. పక్కింటి పాత మీటరు బిల్లులోనూ అవే ఉంటాయి. పోల్చేటప్పుడు మొత్తం రూపాయలు కాదు, రోజుకు ఎన్ని యూనిట్లన్నది పోల్చండి.

గోదారి గట్టు:
చాలా మేలు చేశారు, పుస్తకం గారూ. ఒక సందేహం. పక్క వీధిలో పెట్టిన స్మార్ట్ మీటరు తెరలో రెండు ఆంపియర్ అంకెలు వేరువేరుగా వస్తున్నాయి. ఒకటి 1.8, ఇంకోటి 10 పైన. అది లోపమా?

ఎర్త్ పిన్:
లోపమే, కానీ మీటరులో కాదు. ఈ చర్చలో అసలు విషయం ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి.

సింగిల్ ఫేజ్ స్మార్ట్ మీటరు ఫేజులో వెళ్లే కరెంటునూ, న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటునూ రెండింటినీ కొలుస్తుంది. రెండూ సమానంగా ఉండాలి. తేడా వస్తే ఏది ఎక్కువో దాని మీద యూనిట్లు లెక్కేస్తుంది. న్యూట్రల్ తప్పించి ఎర్త్ మీద వాడే దొంగతనం పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటిది. ఎలక్ట్రానిక్ మీటర్లలోనూ చాలావాటికి ఉంది. పాత చక్రం మీటరు మాత్రం ఫేజు ఒక్కటే చూసేది. అందుకే చక్రం మీటరున్న మీ కింద పోర్షను గురించే నాకు ఎక్కువ ఆలోచన.

మన ఇళ్లలో మేడ తర్వాత కట్టుకుంటాం. పైన గీజరు పెట్టినప్పుడు ఎలక్ట్రీషియన్ ఫేజు పై మీటరు నుంచి తెచ్చి, న్యూట్రల్ మాత్రం దగ్గర్లో దొరికిన కింది ఇంటి వైరుకు ముడేస్తాడు. గీజరు చక్కగా పనిచేస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. ఇప్పుడు లెక్క చూడండి. 2 కిలోవాట్ల గీజరు సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. కింది ఇంటి సొంత వాడకం 2 ఆంపియర్లు. కింది మీటరులో ఫేజు 2, న్యూట్రల్ 10.7 చూపిస్తుంది. బిల్లు 10.7 మీద పడుతుంది. పై మీటరులో గీజరు ఫేజు వైపు నుంచి ఎలాగూ లెక్కలోకి వచ్చింది. అంటే ఒకే గీజరుకు రెండు మీటర్లూ తిరుగుతున్నాయి. రోజుకు గంట వాడినా కింది ఇంటికి నెలకు 60 యూనిట్లు ఊరికే ఎక్కుతాయి. ఆ ఇల్లు 225 దాటే ఇల్లైతే యూనిట్ల ఖరీదే 525 రూపాయలు.

పట్టుకోవడం తేలిక. కింది ఇంట్లో ఫేజు ఎంసీబీ (బోర్డులో కరెంటు తెంచే స్విచ్చు) ఒక్కటే ఆపండి. ఇంట్లో ఏమీ వెలగదు. పైన గీజరు, మోటారు, ఏసీ ఒక్కోటి వేయించి కింది మీటరు తెర చూడండి. న్యూట్రల్ అంకె సున్నా కాకుండా కదిలితే ఆ పరికరం న్యూట్రల్ మీ దాంట్లో ఉంది. కొన్ని మీటర్లకు 'ఎర్త్' అని చిన్న లైటుంటుంది, అదీ వెలుగుతుంది. మెయిన్ రెండు పోల్స్‌దైతే, అది ఆపినప్పుడు ఫేజుతో పాటు న్యూట్రల్ కూడా తెగుతుంది కాబట్టి పై ఇంట్లో గీజరో ఫ్యానో ఆగిపోతుంది. ఆగిందంటే ఇక వేరే రుజువు అక్కర్లేదు.

ఈ పరీక్ష మీటరు పెట్టకముందే, ఈ వారంలోనే చేసి సరిచేయించుకోండి. పాత చక్రం మీటరులో అంకెలు కనిపించవు కాబట్టి క్లాంప్ మీటరు (వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచే పరికరం) ఉన్న ఎలక్ట్రీషియన్ కావాలి. న్యూట్రల్ వైరు ఒక్కదానికే క్లాంప్ తగిలించి చూస్తే చాలు.

మూడో ఫేజు:
పిన్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు సరే, ఒక్క సవరణ. ఈ 2, 8.7 ఆంపియర్ల కూడిక రెండు సర్వీసులూ స్తంభం మీద ఒకే ఫేజు నుంచి వచ్చినప్పుడే. స్తంభం మీది మూడు ఫేజుల్లో (ఆర్, వై, బి) కింది సర్వీసు ఆర్ ఫేజు, పైది వై ఫేజు అయితే రెండు కరెంట్ల మధ్య 120 డిగ్రీల తేడా ఉంటుంది. మీటరు తన ఫేజు వోల్టేజీతో గుణించుకున్నప్పుడు పొరుగింటి 8.7 ఆంపియర్లు సగం విలువతో, అదీ ఎదురు దిశలో వస్తాయి. అంకెలు వింతగా కనిపిస్తాయి గాని బిల్లు అంతలా పెరగదు. ఒకే ఫేజా కాదా అన్నది తెలియడానికి టెస్టర్ పనికిరాదు. రెండు ఇళ్ల ఫేజుల మధ్య వోల్టేజీ కొలవాలి, సున్నాకు దగ్గరైతే ఒకటే ఫేజు, 400 దరిదాపుల్లో ఉంటే వేరు. ఇది ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని.

వేరు ఫేజులైనా న్యూట్రల్ కలిపి ఉంచవద్దు. కింది మెయిన్ ఆపి వైరింగు పని చేసే మనిషికి, చచ్చిందనుకున్న న్యూట్రల్‌లో పై ఇంటి కరెంటు తగులుతుంది.

కుంకుడు చెట్టు:
లోడు సంగతి ఎవరూ ఎత్తలేదు. 1 కిలోవాట్ శాంక్షన్‌తో ఏసీ నడిపితే స్మార్ట్ మీటరు వెంటనే పట్టేసి పెనాల్టీ వేస్తుందంటున్నారు. నిజమేనా?

నిబంధనల నోట్‌బుక్:
కొంత నిజం, కొంత భయం. మీటరు గరిష్ఠ డిమాండును నమోదు చేస్తుంది. అది ఒక్క క్షణం లాగిన కరెంటు కాదు, అరగంట సగటు. 1.5 టన్నుల ఏసీ రెండు నడుస్తూ, 2 కిలోవాట్ల గీజరు అందులో పావుగంట వేశారనుకోండి. ఏసీలు ఒక్కోటి 1.5 చొప్పున 3, గీజరు సగటున 1, మొత్తం 4 కిలోవాట్లు. ఫ్రిజ్, మోటారు మొదలయ్యేటప్పుడు ఎగిరే కరెంటు దీంట్లో కలిసిపోతుంది, దానికి భయపడక్కర్లేదు. గీజరునూ ఏసీనీ ఒకే అరగంటలో కలపకపోతే డిమాండు తగ్గుతుంది.

కేంద్రం 2020లో తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2023 జూన్ 14న సవరణ వచ్చింది. స్మార్ట్ మీటరు చూపిన డిమాండును బట్టి, అది పెట్టకముందు కాలానికి పెనాల్టీ వేయకూడదు. ఏ నెలలోనైనా డిమాండు శాంక్షన్ లోడును మించితే ఆ నెల బిల్లు నమోదైన డిమాండు మీద వేస్తారు. ఒక ఆర్థిక సంవత్సరంలో కనీసం మూడుసార్లు మించితేనే శాంక్షన్ లోడు పెంచాలి. మన రాష్ట్రంలో ఇళ్లకు స్థిర ఛార్జీ కిలోవాట్‌కు నెలకు 10 రూపాయలు. 1 ఉన్నచోట 3 నమోదైతే ఆ నెల 20 రూపాయలు ఎక్కువ. అసలు ఖర్చు లోడు పెంచినప్పుడు కట్టే అభివృద్ధి ఛార్జీ, డిపాజిట్టు. ఏసీ ఉన్న ఇంటికి 1 కిలోవాట్ ఎలాగూ చాలదు, ముందే అర్జీ పెట్టి పెంచుకోవడం మేలని నా మాట.

లోడు పరిమితి మీటరులో పెట్టి ఉంటే మాత్రం దాటగానే లోపలి రిలే (తనంతట తానే పనిచేసే స్విచ్చు) కరెంటు ఆపేస్తుంది. కాసేపాగి తనే మళ్లీ కలుపుతుంది, లోడు తగ్గకపోతే మళ్లీ ఆపుతుంది. కొన్ని ప్రయత్నాల తర్వాత ఇంకా ఎక్కువసేపు నిలిపేస్తుంది. వీధిలో అందరికీ ఉండి మీకే ఇలా పోయి వస్తుంటే ఫ్యూజు మార్చకండి, గీజరు ఆపి చూడండి.

మేడమీద పలకలు:
సోలార్ ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. పాత నెట్ మీటరు తీసి స్మార్ట్ మీటరు పెడితే, అది దిగుమతి (లైను నుంచి తీసుకున్నది), ఎగుమతి (లైనుకు పంపింది) విడివిడిగా లెక్కించేలా సెట్ చేశారో లేదో ఆ పగలే చూసుకోవాలి. మామూలు ఇళ్ల మీటరు సెట్టింగులో ఉంటే మీరు బయటికి పంపిన యూనిట్లు కూడా వాడుకున్నట్టే కూడేస్తుంది. మధ్యాహ్నం 12 గంటలకు ఇంట్లో అన్నీ ఆపి, పలకలు పనిచేస్తుండగా తెర చూడండి. ఎగుమతి అంకె పెరగాలి, దిగుమతి అంకె కదలకూడదు. దిగుమతి పెరుగుతుంటే అక్కడికక్కడే చెప్పి రాయించండి.

కుంకుడు చెట్టు:
తెలంగాణలో గృహజ్యోతి 200 యూనిట్ల జీరో బిల్లు దీనివల్ల పోతుందా? అక్కడ చెల్లెలి ఇల్లుంది. మీటరు నుంచి వచ్చే రేడియేషన్ గురించి కూడా అడుగుతోంది.

నిబంధనల నోట్‌బుక్:
ఉచితం, రాయితీ ఏదైనా బిల్లింగులో సర్వీసు నంబరుకు వేసేది. మీటరుకు ఆ సంగతే తెలియదు. మీటరు మారాక మొదటి బిల్లులో రాయితీ వరుస ఉందో లేదో చూసుకోమనండి, అంతే. కాని పైన చెప్పిన న్యూట్రల్ కలయిక ఉంటే మీటరు 200 దాటించేయవచ్చు, అప్పుడు జీరో బిల్లు పోతుంది. చెల్లెలు గారిని ముందు ఆ పరీక్ష చేయించమనండి.

రేడియేషన్ విషయానికొస్తే మీటరు మొబైల్ నెట్‌వర్కు ద్వారానో, 865 మెగాహెర్ట్జ్ దగ్గరి రేడియో ద్వారానో రోజులో కాసేపు సమాచారం పంపుతుంది. చెవి దగ్గర పెట్టుకునే ఫోనుతో పోలిస్తే అది గోడ బయట ఉండే వస్తువు. నాకు దీనికంటే మీటరు అరగంటకోసారి నమోదు చేసే వాడకం లెక్కల సంగతే ముఖ్యం. ఇల్లు ఏ రోజు తాళం వేసి ఉందో, ఎన్నింటికి లేస్తారో ఆ లెక్కల్లో తెలిసిపోతుంది. అందుకని యాప్ పాస్‌వర్డు, సర్వీసు నంబరు ఉన్న బిల్లు ఫోటో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

టెర్మినల్ బ్లాక్:
మీటరు మీదే అనుమానం తీరకపోతే ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. మీటరు ముఖం మీద '3200 ఇంపల్స్' అనో '1600' అనో యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది. ఇంట్లో అన్నీ ఆపి, బకెట్ నీళ్లలో 1000 వాట్ల హీటర్ రాడ్డు ఒక్కటే వేయండి. ఇస్త్రీపెట్టె వద్దు, అది మధ్యమధ్య ఆగుతుంది. నీళ్లు ముట్టుకోకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. తెరలో వోల్టేజీ చూసి రాసుకుని, సరిగ్గా మూడు నిమిషాలు మిణుకులు లెక్కపెట్టండి.

230 వోల్టుల దగ్గర 3200 మీటరు మూడు నిమిషాల్లో 160 సార్లు మిణుకుతుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. మన ఊళ్లలో సాయంత్రం వోల్టేజీ 210 ఉంటే అదే రాడ్డు 834 వాట్లే తీసుకుంటుంది, మిణుకులు 133 దగ్గర ఉంటాయి. 240 ఉంటే 1,089 వాట్లు, 174 మిణుకులు. రాడ్డు వాట్లు కూడా రాసినంత కచ్చితంగా ఉండవు, కాబట్టి ఐదు పది అటూఇటూ అయితే మీటరు బాగానే ఉన్నట్టు. 250 మిణుకులు వస్తే ఫిర్యాదు చేయాలి. మీటరుకు అనుమతించిన తప్పు ఒక శాతం దగ్గరే, దాన్ని పట్టుకునే పరికరాలు డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) వారి మీటర్లు పరీక్షించే ఎంఆర్‌టీ ల్యాబులోనే ఉంటాయి.

అన్నీ ఆపాక, రాడ్డు వేయకముందే లైటు మిణుకుతుంటే ఇంట్లో ఎక్కడో ఏదో తింటోంది. సెట్‌టాప్ బాక్సు 10 వాట్లదైనా రోజంతా ఉంటే నెలకు 7 యూనిట్లు.

ఇంకొకటి. గీజరు వేయగానే లైట్లు మందగిస్తే తెరలో వోల్టేజీ చూడండి. అదీ పడిపోతే లోపం మీటరుకు ముందు, అంటే స్తంభం దగ్గరో సర్వీసు వైరులోనో. తెరలో నిలకడగా ఉండి ఇంట్లోనే మందగిస్తే మీటరు తర్వాతి జాయింట్లలో. మీటరు బోర్డు దగ్గర కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే ఆగకుండా 1912కు ఫోన్ చేయండి.

లెక్కల పుస్తకం:
ఫిర్యాదు అన్నారు కాబట్టి అవే హక్కుల నిబంధనలకు వచ్చిన 2024 ఫిబ్రవరి సవరణ గుర్తుపెట్టుకోండి. రీడింగు వాడకానికి తగ్గట్టు లేదని ఫిర్యాదు చేస్తే ఐదు రోజుల్లో అదనపు మీటరు పెట్టాలి, కనీసం మూడు నెలలు ఉంచి రెండింటినీ పోల్చాలి. అర్జీలో 'చెక్ మీటరు' అన్న మాట వాడి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఫలితం లేకపోతే విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్. వీటికి లాయరు అక్కర్లేదు.

వరికంకి:
మీరంతా పెట్టించుకోవడం ఎలాగో చెబుతున్నారు. అసలు వద్దనే హక్కు లేదా? ప్రీపెయిడ్ చేస్తే రాత్రి డబ్బు అయిపోయిన ఇంట్లో పసిపిల్లలుంటే ఎలా? మీటరు ఖర్చు ఎవరి నెత్తిన?

నిబంధనల నోట్‌బుక్:
వరికంకి గారూ, మీ ఆవేదన న్యాయమైనదే. 2003 విద్యుత్ చట్టం 55వ సెక్షన్ సరైన మీటరు లేకుండా సరఫరా వద్దంటుంది, 2020 నిబంధనలు ఆ మీటరు స్మార్ట్ ప్రీపెయిడ్‌గానో, ప్రీపెయిడ్‌గానో ఉండాలంటాయి. కాని అదే చట్టం 47(5) 'ప్రీపెయిడ్‌కు సిద్ధపడినవాళ్ల దగ్గర డిపాజిట్టు అడగకూడదు' అంటుంది. సిద్ధపడటం అన్న మాటలో ఇష్టం ఉంది కదా అని వాదించేవాళ్లున్నారు, నాదీ అదే అభిప్రాయం. బకాయికి కరెంటు కోయాలంటే 56వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి, ఆ రక్షణ పేదింటికి పోకూడదు. మీటరు పోస్ట్‌పెయిడ్‌గానూ నడుస్తుంది, కాబట్టి బిగించే రోజే ఏ పద్ధతిలో పెడుతున్నారో అడిగి కాగితం మీద రాయించండి. ప్రీపెయిడ్ అయితే పాత డిపాజిట్టు సంగతి రాతపూర్వకంగా అడగండి.

ఖర్చు నేరుగా మీ దగ్గర తీసుకోరు. 2021లో డిస్కంల సంస్కరణ కోసం వచ్చిన ఆర్‌డీఎస్ఎస్ పథకం ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌కు మీటరు ఖర్చులో కేంద్రం వాటా 15 శాతం, గరిష్ఠంగా 900 రూపాయలు. మిగతాది మీటర్లు పెట్టే ఏజెన్సీకి డిస్కం నెలనెలా కడుతుంది. అది డిస్కం ఖర్చుల్లో చేరి, చివరికి టారిఫ్ లెక్కలోకి రావాల్సిందే. అడగాల్సిన చోటు ఏపీఈఆర్‌సీ (రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి) బహిరంగ విచారణ. మాట్లాడటానికి ఎవరైనా పేరు ఇవ్వొచ్చు.

వరికంకి:
సూటిగా చెప్పారు, ధన్యవాదాలు. ఊళ్లో నలుగురికీ చెబుతాను.

గోదారి గట్టు:
ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తున్నాను. న్యూట్రల్ కలిసి ఉన్నట్టు తేలితే ఏం చేయించాలి? గోడలు పగలగొట్టాలా?

ఎర్త్ పిన్:
అక్కర్లేదు. కింది వైపు ముడి విప్పి టేపు చుట్టేయాలి. పై మెయిన్ బోర్డులోని న్యూట్రల్ లింకు నుంచి గీజరు దాకా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, నల్లది, కొత్తగా లాగాలి. ఉన్న పైపులో పాత వైరు కొసకు కట్టి లాగితే చాలాసార్లు వచ్చేస్తుంది. రాకపోతే గోడ మీద కేసింగు (వైరు దాచే ప్లాస్టిక్ పట్టీ) వేయించండి. పని అయ్యాక ఫేజు ఎంసీబీ పరీక్ష రెండు వైపుల నుంచీ మళ్లీ చేయించండి, కింది నుంచి పైకి, పై నుంచి కిందికి. బోరు మోటారు, మెట్ల లైటు మరిచిపోవద్దు. ఉమ్మడిగా వాడేవాటిలోనే ఈ కలయిక ఎక్కువ. అద్దెవాళ్లు కూడా ఆ సమయానికి పక్కనుంటే మంచిది, మీటరు తెర వాళ్ల కళ్లతో వాళ్లే చూస్తారు.